ఆకలి లేని ఇల్లు

తిన్నది తిన్నట్టు చెప్పే మనిషి ఉండడని ఇందుమతికి ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో తెలిసొచ్చింది. ఆమె డైటీషియన్. విశాఖపట్నంలో మూడు ఆసుపత్రుల్లో పనిచేసింది. బరువు తగ్గాలని వచ్చిన ప్రతి మనిషినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏం తినాలో కాగితం మీద రాసి ఇచ్చేది. కంచంలో సగం కూరలు, పావు వంతు పప్పో చేపో, మిగిలిన పావు అన్నం. రోజంతటికీ మూడు చెంచాల నూనె. వాళ్ళు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళేవారు. నెల తర్వాత అదే బరువుతో తిరిగొచ్చి, "మీరు చెప్పినట్టే తింటున్నామండీ" అనేవారు. మొదట్లో ఆమెకి కోపం వచ్చేది. తర్వాత జాలి వేసేది. నలభై అయిదు దాటాక అలసట తప్ప మరేమీ కలిగేది కాదు.

అందుకే డాక్టర్ భానోజీరావు తన ప్రయోగశాలకి రమ్మన్నప్పుడు రెండో మాట లేకుండా ఒప్పుకుంది.

ఎండాడ దగ్గర కొండ వాలులో ఉన్న ఆ చిన్న భవనంలో ఆయన పదకొండేళ్ళుగా ఒకే ఒక్క సూక్ష్మజీవి మీద పనిచేస్తున్నాడు. మనుషుల పేగుల్లో మామూలుగా ఉండే ఓ బ్యాక్టీరియా అది. కడుపు నిండగానే పేగు నుంచి మెదడుకి 'ఇక చాలు' అని ఓ కబురు వెళుతుంది. ఆ కబురుని ఈ బ్యాక్టీరియా కూడా పంపేలా ఆయన మార్చాడు. తేడా ఏమిటంటే, అది తిన్నా తినకపోయినా పంపుతూనే ఉంటుంది. దానికి 'నెమ్మది' అని పేరు పెట్టాడు. ఒక్క క్యాప్సూల్ మింగితే పది రోజుల్లో ఆకలనేది ఉండదు.

"ఆకలి పోతే మనిషి తినడమే మానేస్తాడు కదా సార్," అంది ఇందుమతి మొదటి రోజే.

"అందుకేనమ్మా మీరు కావలసి వచ్చింది. ఆకలి చెప్పే పని ఇకమీదట మీ కాగితం చేస్తుంది. టైమయితే తింటారు. రాసినంతే తింటారు. ఎక్కువా తినరు, తక్కువా తినరు."

"పక్కవాళ్ళకి అంటుకుంటే?"

ఆయన బీరువాలోంచి తెల్లటి పొడి ఉన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది దాని మేత. మనం ఇక్కడ తయారుచేసిన పీచు, బయటెక్కడా దొరకదు. రోజూ ఓ చెంచా నీళ్ళలో కలుపుకుని తాగినవాళ్ళలోనే అది బతుకుతుంది. పొడి ఆపేస్తే మూడు రోజుల్లో చచ్చిపోతుంది. ఇంకొకరి కడుపులోకి చేరినా మేత లేక పోతుంది."

ఇందుమతికి ఆ మాట సబబుగానే తోచింది.

ప్రయోగానికి వచ్చినవాళ్ళలో అప్పలనరసయ్య ఒకడు. సిటీ బస్సు డ్రైవరు, నలభై మూడేళ్ళు, నూట పద్దెనిమిది కిలోలు. షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. మోకాళ్ళు అరిగాయి. డ్యూటీలో ఓసారి కళ్ళు తిరగడంతో వైద్య పరీక్షలో తప్పించి, బస్సు దింపి, డిపో గేటు దగ్గర బస్సుల నంబర్లు రాసుకునే పనిలో కూర్చోబెట్టారు. తన బస్సుని ఇంకొకడు తోలుకుంటూ ముందు నుంచే వెళుతుంటే నంబరు రాసుకోవడం అతనికి చచ్చేంత సిగ్గుగా ఉండేది.

మొదటి రోజు భార్య నూకరత్నం కూడా వచ్చింది. ఇందుమతి రాసిన కాగితాన్ని ఆమె చాలాసేపు చదివింది. ఆరున్నరకి రాగి జావ, ఎనిమిదిన్నరకి రెండు పెసరట్లు, పదకొండుకి జామకాయ, ఒంటిగంటకి కొర్రన్నం, ఆనపకాయ కూర, తోటకూర పప్పు, మజ్జిగ. నాలుగింటికి ఉడికించిన శనగలు. ఏడున్నరకి రెండు జొన్నరొట్టెలు, కూర, వారానికి మూడుసార్లు చేప.

"రాగులంటే మా చోళ్ళేనా మేడమ్‌గారూ?"

"అవేనండి."

"మా అమ్మోళ్ళ ఊళ్ళో చోడి అంబలే తాగేవోళ్ళం. ఇప్పుడు మందులాగ రాసిస్తన్నారు." ఆమె నవ్వింది. మళ్ళీ కాగితం చూసి, "ఇదంతా ఈయనకొక్కడికే వండాల? నాకు రెండు రకాలొండే ఓపిక్లేదండి. పొద్దున్న టైలరింగు షాపుకెళ్ళాల."

"వద్దు, అసలు విడిగా వండకండి. ఇంట్లో అందరూ ఇదే తినండి. పిల్లలకీ మంచిదే. ఆయనొక్కడికీ వేరే కంచం పెడితే శిక్ష వేసినట్టుంటుంది," అంది ఇందుమతి. ఆ సలహా ఆమె ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఇల్లాలికీ ఇస్తున్నదే.

వాళ్ళకి ఒక్కతే కూతురు, యమున. నాలుగో తరగతి.

*

ప్రయోగం ఇందుమతి జీవితంలో ఎప్పుడూ చూడనంత బాగా సాగింది. వారం వారం జనం వచ్చి తూకం యంత్రం ఎక్కేవారు. వారానికి అరకిలో, ముప్పావు కిలో, ఆమె వేసిన లెక్క ప్రకారమే తగ్గేవారు. ఎవరూ నీరసపడలేదు, జుట్టు రాలలేదు, రక్తం తగ్గలేదు. కాగితంలో శనగలు గుప్పెడు అని రాస్తే గుప్పెడే తిన్నారు. ఆమె రాసింది రాసినట్టు జరగడం అదే మొదలు. కొన్ని రోజులు ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు ఏదో పాట కూనిరాగం తీస్తున్నానని ఆమెకే తెలిసేది కాదు.

ఎనిమిదో నెలకి అప్పలనరసయ్య తొంభై మూడు కిలోలకి దిగాడు. వైద్య పరీక్ష నెగ్గాడు. మళ్ళీ బస్సెక్కాడు. ఆ వారం తూకానికి వచ్చినప్పుడు ఖాకీ చొక్కా వేసుకునే వచ్చాడు.

"ఎలా ఉంది?" అనడిగింది ఇందుమతి.

అతను తూకం యంత్రం దిగాడు. "నా బుర్రలో ఓ రేడియో ఉండేదండి. ఇరవై నాలుగ్గంటలూ మోగేది. ఏటి తిందుం, ఎప్పుడు తిందుం, ఎవడి ప్లేట్లో ఏటుంది. మా అమ్మ తిట్టినా ఆగలేదు, డాక్టర్లు తిట్టినా ఆగలేదు. అదెవరో కట్టేశారు. ఇప్పుడు బస్సు తోలుతుంటే రోడ్డొక్కటే కనిపిస్తంది."

ఆ మాటలు ఇందుమతి తన నోట్సులో అలాగే రాసుకుంది.

ఇంకో నెల గడిచాక నూకరత్నం భర్తతో పాటు వచ్చి, వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. "మేడమ్‌గారూ, పిల్ల బాక్సు తిననట్టే తెచ్చేస్తందండి. అడిగితే మర్చిపోయానంటది."

బయట పదిమంది తూకం కోసం ఎదురుచూస్తున్నారు. ఇందుమతి తలెత్తకుండానే, "ఆ వయసులో పిల్లలంతేనండి. ఆటల్లో పడితే తిండి గుర్తుండదు. బలవంతం చెయ్యకండి, ఆకలేస్తే తనే తింటుంది," అంది.

నూకరత్నం తలూపి వెళ్ళిపోయింది.

*

బడిలో ప్రార్థన జరుగుతుండగా యమున పడిపోయింది. ఆ కబురు నూకరత్నం మూడు రోజులయ్యాక ఫోన్లో చెప్పింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళితే రక్తం తక్కువగా ఉందని చెప్పి, నులిపురుగుల మందూ టానిక్కూ ఇచ్చారట. "బరువు చూశారా?" అనడిగింది ఇందుమతి. "చూశారండి. పంతొమ్మిది కేజీలు. పోయినేడు బడిలో ఇరవై అయిదున్నాది."

తొమ్మిదేళ్ళ పిల్ల. ఇందుమతి ఫోను పెట్టేసి వాళ్ళ చిరునామా వెతికి రాసుకుంది. మర్నాడు ఆదివారం. పొద్దున పదకొండింటికి గాజువాకలో వాళ్ళింటికి వెళ్ళింది.

రెండు గదుల ఇల్లు. వంటింటి గోడకి ఆమె రాసిన కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి అతికించి ఉంది. దాని పక్కనే పెద్ద గోడ గడియారం. నూకరత్నం ఆమెను చూసి సంతోషపడి కుర్చీ వేసింది. యమున మంచం మీద కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. మెడ ఎముకలు తేలి కనిపిస్తున్నాయి. కళ్ళు మాత్రం హుషారుగానే ఉన్నాయి. ఇందుమతిని చూసి నవ్వి, గీసిన బస్సు చూపించింది.

ఒంటిగంటకి నూకరత్నం అందరికీ వడ్డించింది. కానాగంతల చేపల పులుసు, కొర్రన్నం, గోరుచిక్కుడు వేపుడు. వాసన ఇల్లంతా నిండింది. కంచాలు పెడుతున్నా ఎవరూ వాటికేసి చూడలేదు. అప్పలనరసయ్య టీవీ చూస్తూ లెక్కగా ముద్దలు కలుపుకున్నాడు. యమున రెండు ముద్దలు మింగి, మూడోది నోట్లో పెట్టుకుని, బుగ్గలో దాచి కూర్చుంది.

"మింగమ్మా," అంది నూకరత్నం.

పిల్ల మింగింది. వెంటనే లేచి పెరట్లోకి పరిగెత్తి కక్కేసింది.

నూకరత్నం తన కంచంలో కూడా సగానికి సగం వదిలేసిందని ఇందుమతి గమనించింది. ఆమె జాకెట్టు భుజాల దగ్గర వదులైంది.

"మీకు ఆకలి వెయ్యట్లేదా నూకరత్నంగారూ?"

ఆమె కొంచెం తడబడింది. "మాకెవరికేస్తాది మేడమ్‌గారూ? టైమవుతాది, తింతాం. షాపులో పనెక్కువై ఏసట్లేదనుకున్నాను. మంచిదేలే, నేనూ తగ్గుతున్నాననుకున్నాను."

ఇందుమతి యమునని దగ్గరికి పిలిచింది. "నీకు చివరిసారి ఆకలేసింది ఎప్పుడు తల్లీ?"

పిల్ల నిజంగానే ఆలోచించింది. "దసరా సెలవులప్పుడు," అంది.

అప్పటికి మార్చి నెల వచ్చింది.

*

ముగ్గురి నమూనాలూ ఇందుమతే స్వయంగా ప్రయోగశాలకి తీసుకొచ్చింది. ఫలితం రెండు రోజుల్లో వచ్చింది. తండ్రిలో ఎంత ఉందో కూతుర్లోనూ అంతే ఉంది నెమ్మది. తల్లిలోనూ ఉంది.

భానోజీరావు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాడు. "వీళ్ళు పొడి తాగలేదు కదా?"

"తాగలేదు. డబ్బా నేను తూచి చూశాను. ఆయన వాటా తప్ప ఓ చెంచా కూడా తగ్గలేదు."

"మరి ఏం తిని బతుకుతోంది?"

ఆ జవాబుకి ఇంకో నాలుగు రోజులు పట్టింది. యమున నుంచి తీసిన బ్యాక్టీరియాని గాజు పలకల మీద పెంచి, ఒక్కోదానికీ ఒక్కో ఆహారం వేశారు. తెల్లన్నం వేసిన పలకలో అది చచ్చిపోయింది. పాలల్లో, గుడ్డులో కూడా బతకలేదు. కొర్రల తవుడులో బతికింది. రాగి పొట్టులో, తోటకూర కాడల్లో, శనగ తొక్కలో గుంపులు గుంపులుగా పెరిగింది. ఇన్ని నెలలు అప్పలనరసయ్య కడుపులో పొడితో పాటు ఈ పీచు కూడా తింటూ, అది మెల్లగా దానికి అలవాటు పడిపోయింది. అతని చేతుల నుంచి ఇంట్లోవాళ్ళకి చేరినా దానికి మేత దొరికింది.

పలకల మీద అంటించిన చీటీలు ఇందుమతి వరుసగా చదువుకుంది. రాగి, కొర్ర, తోటకూర, శనగలు. అవన్నీ ఆమె రాసిన కాగితంలోవే. ఇంట్లో అందరూ ఇదే తినండని చెప్పిందీ ఆమే. నూకరత్నం ఒక్క మాట కూడా తప్పకుండా చేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె తన క్యారేజీ తెరిచి, అన్నం చూసి, మళ్ళీ మూతపెట్టింది. తర్వాత ఉలిక్కిపడి మళ్ళీ తెరిచింది. తను కడుపారా తిన్నది ఎప్పుడో గుర్తు చేసుకోబోయింది, గుర్తు రాలేదు. వారం వారం తూకానికి వచ్చినవాళ్ళకి ఇక్కడి వంటగదిలో వంటలు చేసి చూపించింది తనే. వాళ్ళతో కలిసి రుచి చూసింది. ఇంట్లో చక్రధర్ ఈ మధ్య రెండోసారి అన్నం అడగడం మానేశాడు. ఇన్నేళ్ళకి భర్త తన మాట విన్నాడని ఆమె ముచ్చటపడింది కూడా.

తనకీ చక్రధర్‌కీ పరీక్ష చేయించింది. ఇద్దరిలోనూ ఉంది.

ఆమె రిపోర్టు రాసి తీసుకెళ్ళేసరికి భానోజీరావు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం పదేళ్ళు ముసలిదైనట్టుంది.

"ఎథిక్స్ కమిటీకి పంపాలి సార్. ఈ రోజే."

"పది రోజులు ఆగుదాం ఇందుమతిగారూ. మందు దొరికాక చెబుదాం. ఇప్పుడు చెబితే అన్నీ ఆపేస్తారు. మీరు ఆ జనాన్ని చూశారు కదా? నడవలేనివాళ్ళు నడుస్తున్నారు. మా అన్నయ్య నూట నలభై కిలోలతో మంచం మీదే పోయాడు. వాడిని ఎత్తడానికి ఆరుగురం కావలసొచ్చింది. అప్పుడు ఇది ఉండి ఉంటే…"

"ఆ పిల్ల పంతొమ్మిది కిలోలు ఉంది సార్. వాళ్ళింట్లోనే ముగ్గురు. మా ఇంట్లో ఇద్దరం. మిగతా ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలున్నారో మనం ఎప్పుడూ అడగలేదు. మన ఫారంలో ఆ గడే లేదు."

ఆయన చెయ్యి చాపి రిపోర్టు తీసుకున్నాడు. సాయంత్రం అయిదింటికి దాని మీద సంతకం చేసి, తనే పంపించాడు. ప్రయోగం ఆ వారమే ఆగిపోయింది.

*

మందు దొరికింది. రెండు రకాల యాంటీబయాటిక్స్ కలిపి పద్నాలుగు రోజులు వాడాలి. ఆ పద్నాలుగు రోజులూ, ఆ తర్వాత ఇంకో నెలా పీచు ఉన్నదేదీ ముట్టకూడదు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఒకేసారి వాడాలి. ఒక్కరిలో మిగిలినా మళ్ళీ అందరికీ వస్తుంది.

ఈ సంగతి చెప్పడానికి ఇందుమతి మళ్ళీ గాజువాక వెళ్ళింది. తప్పు ఎక్కడ జరిగిందో దాచకుండా చెప్పింది. పొడి సంగతీ, కొర్రల సంగతీ, అందరూ అదే తినమని తను చెప్పిన సంగతీ. నూకరత్నం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అప్పలనరసయ్య నేల చూస్తూ కూర్చున్నాడు.

"అంటే నాకూ తీసేస్తారా?" అన్నాడు చివరికి.

"తియ్యాలండి. మళ్ళీ ఆకలేస్తుంది. మొదట్లో ముందుకన్నా ఎక్కువే వెయ్యొచ్చు."

అతను కొంచెం ముందుకి జరిగాడు. "మేడమ్‌గారూ, నాకొక్కడికీ ఉంచేస్తే? నేను వేరే ఉంటాను. డిపోలో రెస్టు రూముంది. వీళ్ళిద్దరికీ మందిచ్చెయ్యండి. నేను ఇంట్లో చెయ్యి కూడా కడుక్కోను. బయట్నుంచే చూసి పోతాను."

యమున పక్క గదిలో ఉంది. నూకరత్నం కొంగు తీసి భర్తకేసి చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

"ఎన్నాళ్ళుంటావు?"

అతను భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టాడు.

"పిల్ల పెళ్ళిదాకా ఉంటావా? ఆ తర్వాత దాని పిల్లల్ని ఎత్తుకోవా? సరే, ఎల్లు. నాన్నేడని అడుగుతాది, నేను చెప్పుకుంటాను. నాన్నకి ఆకలేస్తాదని బయమేసి ఎల్లిపోయాడని చెప్తాను."

"నీకు తెల్దు రత్నం," అన్నాడతను. "నీకు మామూలు ఆకలి. నాది అది కాదు. తింటున్నప్పుడే ఇంకా కావాలని ఉండేది. పెళ్ళి బంతిలో జనం నా కంచం చూసి నవ్వుతుంటే, నవ్వుతున్నారని తెలిసీ తినేవోడిని. ఈ పది నెల్లే నేను మనిషిలాగున్నాను. మళ్ళీ ఆ గేటు దగ్గర కూకోలేను."

నూకరత్నం లేచి పక్క గదిలో పిల్ల దగ్గరికి వెళ్ళింది. ఇందుమతి ఏదో ఓదార్పు చెప్పబోయి మానుకుంది. మందు ప్యాకెట్లు బల్ల మీద పెట్టి, ఆలోచించుకుని ఫోన్ చెయ్యమని చెప్పి లేచింది.

మర్నాడు ఫోన్ రాలేదు. ఆ మర్నాడు పొద్దున అప్పలనరసయ్య చేశాడు. "మొదలెట్టేశామండి. ముగ్గురం," అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. ముందు రాత్రి పిల్లని ఎత్తుకుంటే గాలి మూటలాగ తేలిపోయిందని, ఆ తర్వాత అతను మంచమెక్కకుండా కూర్చునే తెల్లవార్చాడని నూకరత్నం చాలా రోజుల తర్వాత చెప్పింది.

*

ఆ నెలన్నర కోసం ఇందుమతి కొత్త కాగితం రాసింది. తెల్లన్నం, గడ్డపెరుగు, పాలు, గుడ్లు, తొక్క తీసిన బంగాళాదుంప, నెయ్యి. ఆకుకూర వద్దు, పొట్టుపప్పు వద్దు, పండు వద్దు. వద్దు వద్దని జనానికి ఇన్నేళ్ళు చెప్పినవన్నీ తినమని, తినండి తినండి అని చెప్పినవన్నీ మానమని రాసింది. మంచి తిండి మంచిదే. ఆ మాట మీద ఆమెకి నమ్మకం పోలేదు. కానీ కాగితం మీద ఏది రాసినా అది ఓ ఇంటిలోకి వెళుతుందనీ, అక్కడ ఎవరెవరు తింటారో అడగకుండా రాయకూడదనీ ఇప్పుడు ప్రతి అక్షరం దగ్గరా గుర్తొస్తోంది.

మిగతా ఇళ్ళన్నిటికీ కూడా తనే తిరిగింది. ఇంకో పదకొండుమంది పిల్లలు బయటపడ్డారు. ఎవరూ యమున అంత చిక్కిపోలేదు. కొన్ని ఇళ్ళల్లో తిట్టారు. ఒక ఇంట్లో కాఫీ ఇచ్చారు. తిట్టినచోటే ఆమెకి కొంత నయంగా అనిపించింది.

అప్పలనరసయ్యకి ఆకలి పదహారో రోజు తిరిగొచ్చింది. మధ్యాహ్నం ట్రిప్పులో మద్దిలపాలెం దగ్గర బస్సాపి, వేడి వేడి బజ్జీల బండి చూసి, స్టీరింగు పట్టుకుని ఏడ్చానని అతనే చెప్పాడు. ప్రయాణికులు ఏదో చావు కబురనుకున్నారట. ఆ వారం తూకానికి వచ్చి, యంత్రం ఎక్కకముందే, "నాలుగు బజ్జీలు తిన్నానండి. రాత్రి పిల్లకి పెట్టిన పెరుగన్నం మిగిలితే అదీ తిన్నాను," అన్నాడు.

ఇందుమతి తిట్టలేదు. ఇద్దరూ కూర్చుని, అతనికి ఏ వేళల్లో ఆకలి తట్టుకోలేనంత వేస్తుందో ఒక్కొక్కటే రాసుకున్నారు. ట్రిప్పు ముగిసే వేళకి గుడ్డు ఉండాలి. ఇంటికి వెళ్ళగానే పల్చటి మజ్జిగ పెద్ద గ్లాసుతో తాగాలి. డిపో నుంచి నడిచేటప్పుడు బజ్జీల బండి ఉన్న వీధిలోంచి కాకుండా వెనక వీధిలోంచి నడవాలి. పీచు తినొచ్చన్న రోజు నుంచి కొర్రలూ కూరలూ మళ్ళీ మొదలుపెట్టాలి. ఆకలి ఉన్న మనిషికి రాసే కాగితం ఇది. ఎప్పటిలాగే సగం రోజులు తప్పుతుంది, సగం రోజులు నిలబడుతుంది. మే నెల చివరికి అతను తొంభై ఏడు కిలోల దగ్గర ఆగాడు. ఇంకా బస్సు తోలుతూనే ఉన్నాడు.

నూకరత్నానికీ, ఇందుమతితో పాటు మందు వాడిన చక్రధర్‌కీ కూడా ఆకలి తిరిగొచ్చింది. చక్రధర్ ఓ రోజు రెండోసారి అన్నం అడిగి, అడిగినందుకు సిగ్గుపడ్డాడు. ఇందుమతి ఏమీ అనకుండా వడ్డించింది.

యమునకి మాత్రం రాలేదు. పరీక్షల్లో నెమ్మది పూర్తిగా పోయింది. పేగులో ఏమీ లేదు. "పెరిగే వయసులో అన్ని నెలలు అదే కబురు విన్నది. దాని మెదడు మళ్ళీ నేర్చుకోవాలి," అన్నాడు భానోజీరావు. "ఎన్నాళ్ళు పడుతుంది సార్?" అంటే తల అడ్డంగా ఊపాడు. తెలీదని అర్థం, అబద్ధం చెప్పలేకపోయాడు. నూకరత్నం షాపు మానేసింది. రెండు గంటలకోసారి పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నాలుగు ముద్దలు తినిపించేది. కక్కితే కడిగి, అరగంటాగి మళ్ళీ కలిపేది. గ్రాముల లెక్కన తూచి పెట్టేది. పంతొమ్మిది ఇరవై అయింది. ఇరవై దగ్గర చాలా రోజులు ఆగిపోయింది. నూకరత్నం చేతి వేళ్ళు అన్నం మెతుకులకి నాని ఎప్పుడూ తెల్లగా ఉండేవి.

జూన్ మొదటి ఆదివారం పొద్దున పదిన్నరకి ఇందుమతికి ఫోన్ వచ్చింది. అటు నుంచి నూకరత్నం కంగారుగా మాట్లాడుతోంది.

"మేడమ్‌గారూ, పిల్లకి కడుపునొప్పండి. ఏడుస్తంది. ఆ మందుల వల్ల ఏమైనా అయిపోయిందేటో. ఆటో పిలవమన్నాను ఈయన్ని. ఏ ఆస్పత్రికి పట్టుకెళ్ళమంటారు?"

"జ్వరం ఉందా?"

"లేదండి."

"విరేచనాలు, వాంతులు?"

"ఏం లేదండి. పొద్దున్న లేచి ఆడుకుంది, ఇప్పుడే మొదలైంది."

"ఫోన్ తనకివ్వండి."

యమున ముక్కు ఎగబీల్చుకుంటూ వచ్చింది. "ఆంటీ."

"ఎక్కడ తల్లీ నొప్పి?"

"బొడ్డు పైన. నొప్పి కాదు. లోపల ఎవరో లాగుతున్నట్టుంది. గుర్రుమంటంది. నాకు భయమేస్తంది."

ఇందుమతి లేచి నిలబడింది. "ఇంట్లో ఎవరైనా ఏమైనా వండుతున్నారా?"

"నాన్న గుడ్డట్టేశాడు. పొయ్యి మీదే ఉన్నాది."

"ఆ వాసన వచ్చాక ఎక్కువైందా?"

పిల్ల ఆలోచించింది. "ఊఁ. వాసనొస్తే నోట్లో నీళ్ళొస్తన్నాయి. అప్పుడు ఇంకా లాగుతంది."

"అమ్మకివ్వు," అంది ఇందుమతి. అటు నూకరత్నం ఫోన్ తీసుకుంది. "ఆసుపత్రి వద్దండి. ఆటో వద్దు. దానికి ఏ జబ్బూ లేదు. ఆకలేస్తోంది, అంతే. అన్నం పెట్టండి."

అటు వెనక ఆటోవాణ్ణి వెళ్ళిపొమ్మంటున్న అప్పలనరసయ్య గొంతు వినిపించింది. నూకరత్నం నెమ్మదిగా అడిగింది.

"ఎన్ని గ్రాములు పెట్టమంటారు మేడమ్‌గారూ?"

ఇందుమతి కళ్ళు మూసుకుంది. "తూచకండి. అది చాలనేదాకా పెట్టండి."

ఫోన్ ఆపడం వాళ్ళు మర్చిపోయారు. కంచం నేల మీద పెట్టిన చప్పుడూ, గరిటె గిన్నెకి తగిలిన చప్పుడూ వినిపించాయి. ఆ తర్వాత నోటి నిండా అన్నంతో పిల్ల గొంతు, "ఇంకొంచెం వెయ్యమ్మా."

ఇందుమతి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడింది. ఆమెకి ఆకలి ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలీదు. ఆ సంగతి చక్రధర్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. అటు వైపు అప్పలనరసయ్య ఇంకో గుడ్డు కొడుతున్నాడు. నూనె చిటపటలాడింది. అది వినాలనిపించినంతసేపు విని, ఫోన్ ఆపి, వంటింట్లోకి వెళ్ళి తన కోసం కాస్త అన్నం పెట్టుకుంది.